ఎర్రజెండాల కంచె

గడ్డి భూముల సర్వేలో కొత్తగా చేరిన యువతీయువకులు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వారు కుదురుగా కూర్చున్న తరువాత నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. మీ నక్షాలో మొదటి తరగతి గడ్డికి ఏ రంగు వేస్తారు? ఆకుపచ్చ అంటారు. ఎందుకు ఆకుపచ్చ అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుని, గడ్డి పచ్చగా ఉంటుంది కదండీ అంటారు. ఆ జవాబు తప్పు. సరైన జవాబు చెప్పడానికి కొంత వ్యవధి కావాలి గనుక రాసిపెడుతున్నాను. మధ్యలో తొందరపడకుండా చివరిదాకా చదవవలసిందిగా కోరుతున్నాను.

పోలీసు చర్య ముగిసిన మరుసటి వానకారులో నన్ను జనగామకు వేశారు. నగరంలో వృక్షశాస్త్రం చదివి ఉద్యోగంలో చేరిన కొత్త. జనగామ, మానుకోట ప్రాంతాల్లోనూ, అటు భూపాలపల్లి, కాటారం అడవుల అంచుల్లోనూ ఉన్న మేత భూములను కొలవడం, ఏ భూమిలో ఏయే జాతుల గడ్డి ఉందో గుర్తించి తరగతులుగా విభజించడం మా పని. మంచి గడ్డి ఉన్నచోటును దున్నకానికి ఇవ్వకుండా కాపాడి, పశువులను వంతులవారీగా మేపించాలన్నది ప్రభుత్వ ఉద్దేశం. ఉద్దేశం ఉత్తమమైనదే. కాలం మాత్రం అందుకు అనువైనది కాదు. సంఘం దళాలు ఊళ్లు విడిచి అడవులు పట్టాయి. ఊరూరా మిలిటరీ క్యాంపులు వెలిశాయి. పారిపోయిన దొరలు క్యాంపుల నీడన తిరిగి వచ్చారు. కొలత గొలుసుతో ఊరిలో అడుగుపెట్టినవాడిని క్యాంపువారు దళం మనిషేమోనని, ఊరివారు క్యాంపు మనిషేమోనని చూసేవారు.

మా పద్ధతి ఇది. చతురస్రాకారపు కర్రచట్రాన్ని నేలమీద పరచి, దాని లోపల ఉన్న ప్రతి మొక్కనూ గుర్తించాలి. పశువులు ఇష్టపడే గడ్డిజాతులు అనేకం కలిసి ఉండి, వాటి మధ్య పిల్లిపెసర వంటి తీగలు అల్లుకుని ఉంటే అది మొదటి తరగతి. తంగేడు, వెంపలి తప్ప మరేమీ లేక గులకరాయి తేలి ఉంటే చివరి తరగతి, అది బంజరు. ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క రంగు జెండా పాతాలి. తనిఖీ పూర్తయ్యేవరకు ఆ జెండాలు కదలకూడదు. అన్నిటికన్న ముఖ్యమైన నిబంధన మరొకటి ఉంది. గడ్డి కంకి తొడిగి ఎన్ను వేసి ఉండగా పై అధికారి స్వయంగా చూస్తేనే తరగతి ఖాయమవుతుంది. ఎన్ను లేనిదే సగం గడ్డిజాతులను ఒకదానినుంచి ఒకటి వేరు చేయడం సాధ్యం కాదు. మొదటి తరగతి జెండా రంగు ఎరుపు. నక్షాల్లో ముఖ్యమైన భాగాన్ని ఎర్రసిరాతో గీసే పాత అలవాటునుంచి అది వచ్చింది. అంతకుమించి అందులో ఏ అర్థమూ లేదు. ఆ నిబంధనలు రూపొందించినవారు నగరం దాటి ఉంటారని నేను అనుకోను.

రఘునాథపల్లికి కొంత దూరంలో ఒక పెద్ద కంచె ఉండేది. కంచె అంటే ముళ్లకంప అని కొందరు అనుకుంటారు. మా ప్రాంతంలో పశువులు మేసే విశాలమైన బీడును కంచె అంటారు. చుట్టుపక్కల ఊళ్ల గొర్రెలు, పక్కన ఉన్న తండావాసుల ఆవులు అక్కడే మేసేవి. తిరిగివచ్చిన దొర ఆ కంచె తనదని, అందులో గడ్డిపోచ కూడా మొలవదని, బంజరు కింద రాస్తే దున్నించి పల్లికాయ వేస్తానని దరఖాస్తు పెట్టుకున్నాడు. దొర తరఫున తిరిగేది ఆయన గుమాస్తా. తెల్లని ధోవతి, నల్లని కోటు, చేతిలో గొడుగు. నేను కంచెలో అడుగుపెట్టిన మొదటిరోజే ఎదురువచ్చి, "చూసేదేముంది సారూ. బంజరని ఒక్క ముక్క రాసిపారెయ్యిండ్రి. ఎండల ఎందుకు తిప్పల?" అన్నాడు.

పైకి చూస్తే అతని మాట నిజమేననిపించేది. నేల గొరిగినట్టు ఉంది. కాని తొలకరి పడిన వారానికి నేను చట్రం పరచి మోకాళ్లమీద కూర్చున్నవాడిని ఎంతసేపటికీ లేవలేదు. పశువుల పళ్లకు అందనంత పొట్టిగా, ఒకదాని పక్కన ఒకటిగా నెంద్రగడ్డి, చెంగలి, గరిక, పేరు వెంటనే తట్టని మరెన్నో చిగురిస్తున్నాయి. మధ్యలో పిల్లిపెసర. నీలిరంగు విష్ణుక్రాంతం పూలు. చట్రాన్ని ఎక్కడికి జరిపినా అదే సమృద్ధి. పుస్తకంలో మాత్రమే చదివిన మొదటి తరగతి నా మోకాళ్ల కింద ఉంది.

ఎండలో వంగి ఉన్న నన్ను తండాకు చెందిన ఒక అవ్వ చాలాసేపు చూసింది. ఆమె వెంట ఎముకలు తేలిన తెల్లావు ఒకటి ఉంది. ఆ ఆవుతో తమ భాషలోనూ, నాతో తెలుగులోనూ మాట్లాడింది.

"ఏంది సారూ, ఆ కట్టెల నడుమ ఏమన్న పోగొట్టుకున్నవా?"

"గడ్డిని పరీక్షిస్తున్నాను."

"గడ్డి సూసుడు మా ఆవుకు సుత వస్తది. దానికి గూడ జీతమిస్తరా?"

నా వెనుక గొలుసు పట్టుకుని నిలుచున్న మనిషి నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. అతడు రఘునాథపల్లి మనిషి. నడివయసువాడు. అంతకుముందు రైలుపట్టాల గ్యాంగులో పనిచేశాడు. ఆనాటినుంచి ఆ చుట్టుపక్కల నా పేరు గడ్డిసారు అయింది. నేను ఆక్షేపించాను. ప్రయోజనం కనిపించలేదు.

గడ్డి దొరికింది గాని ఎన్ను దొరకడం ఎలా? మొలిచింది మొలిచినట్టే మందలు మేసేస్తున్నాయి. క్యాంపు కంచరగాడిదలను కూడా అక్కడికే తోలుతున్నారు. తనిఖీ జరిగేది వానలు వెనుకపట్టిన తరువాత. అప్పటికీ నేల ఇలాగే ఉంటే అధికారి నియమం ప్రకారం బంజరని రాస్తాడు, దొర నాగళ్లు దిగుతాయి, ఆ మందలకు మరొక మంచి మేత భూమి లేదు. కంచె నడుమ కొంత భాగమైనా మేపకుండా ఉంచాలి. ముళ్లకంప కొట్టించి చుట్టూ వేయించాను. క్యాంపు వంటవాళ్లు పొయ్యిలోకి పట్టుకుపోయారు. పశువులను తోలరాదని శుద్ధమైన ఉర్దూలో ప్రకటన రాయించి చావడి గోడకు అంటింపజేశాను. అనంతరం నిబంధనల ప్రకారం ఆ భాగం చుట్టూ వరుసగా ఎర్రజెండాలు పాతించాను. వరుస అంటే వరుసే. ఒక్క కర్ర పక్కకు ఒరిగినా మళ్లీ పాతించేవాడిని.

మరునాడు కంచెకు వెళ్లేసరికి ఆశ్చర్యకరమైన దృశ్యం కనిపించింది. మందలు జెండాల దాకా వచ్చి, కాపరుల అదిలింపుతో పక్కకు తిరిగి, చుట్టు తిరిగి వాగు అవతలి పలచని మేతకు పోతున్నాయి. ఒక్క గొర్రె కూడా లోపలికి పోలేదు. కంచరగాడిదలు ఆ వైపే రాలేదు. గుమాస్తా దూరాన గొడుగు కింద నిలబడి చూసి వెళ్లిపోయాడు. వారం గడిచినా అంతే. ఈ ప్రాంత ప్రజలు అసాధారణమైన క్రమశిక్షణ గలవారనీ, లిఖితపూర్వకమైన ఆదేశాన్ని ఎంతగానో గౌరవిస్తారనీ కార్యాలయానికి నివేదించాను.

గడ్డి పాదం దాటి, పిక్క దాటి పెరిగింది. ఒక మధ్యాహ్నం సద్దిమూట విప్పుకుంటూ మా గొలుసు మనిషితో ఆ ప్రకటన ఎంత ఫలితమిచ్చిందో ప్రస్తావించాను. అతడు ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు.

"ఏ కాయితం సారూ?"

"చావడి గోడమీది ప్రకటన."

"అది మేక తిన్నది. అంటిచ్చిన పొద్దే తిన్నది. గంజి మంచిగ పెట్టిచ్చిండ్రు, దానికి కమ్మగ ఉండె."

"మరి మందలు ఎందుకు ఆగుతున్నాయి?"

"జెండ సూసి. మొన్నటిదాక సంగపోల్లు దొరల భూమి గుంజుకున్నప్పుడు గిట్లనే ఎర్రజెండ పాతుతుండిరి. పంచేదాక అండ్ల కాలు పెట్టొద్దని కట్టడి. మల్ల వచ్చి పాతిండ్రనుకున్నరు జనం. దొర జీతగాల్లు నాగలి కట్టమంటె కడుతలేరట. గుమాస్తకు గూడ లోపట గుబులే."

"క్యాంపువారు?"

"ఆల్లు ఏమనుకున్నరో నాకెర్కలేదు."

"నీవు ఏమనుకున్నావు?"

"నేను గ్యాంగుల పనిచేసినోన్ని సారూ. ఎర్రజెండ సూపిస్తె బండి ఆగాలె. ఆగింది. మంచిగనే ఉన్నది కద అనుకున్న."

నేను సద్ది తినడం ముగించి చేతులు కడుక్కున్నాను. ఈ అపార్థాన్ని సరిదిద్దడం నా విధియా అని చాలాసేపు ఆలోచించాను. జెండాలు నిబంధనల ప్రకారం పాతినవి. తనిఖీవరకు ఉండవలసినవి. ఎవరు వాటిని ఏమని చదువుతున్నారన్నది నిబంధనల్లో లేదు. అలాగే ఉంచాను.

నేను ఉంచినా గుమాస్తా ఉంచనివ్వలేదు. గడ్డి నడుమెత్తు రావడం అతడి కంట పడింది. నేరుగా క్యాంపుకు పోయి, గడ్డిసారు వేషంలో దళం మనిషి తిరుగుతున్నాడని చెప్పాడు. నన్ను పిలిపించారు.

క్యాంపు సుబేదారు ఉత్తరాదివాడు. పెద్ద మీసాలు. నులకమంచం మీద కూర్చుని ఇత్తడి గ్లాసులో చాయ తాగుతున్నాడు. ఆ రోజుల్లో ఆ మంచం ముందు నిలబడినవాళ్లు అందరూ ఇంటికి తిరిగి రాలేదని నాకు తెలుసు. గుమాస్తా పక్కనే నిలుచున్నాడు. సుబేదారు కోపంగా లేడు. చిక్కుముడి విప్పుతున్నవాడిలా ఉన్నాడు.

"మా పల్టన్‌లో ఎర్రజెండా పాతితే తుపాకులు పేల్చడం నేర్పే మైదానమని అర్థం," అన్నాడు ఉర్దూలో. "గుండు తగులుతుందని గాడిదలను కూడా అటు పోనివ్వలేదు నేను. ఏ పల్టన్ వాళ్లు వచ్చారా అని ఇన్నాళ్లూ ఎదురుచూస్తున్నాను. ఈయన అది దళం జెండా అంటున్నాడు. మీరు ఏమంటారు?"

"మొదటి తరగతి గడ్డి అంటాను," అన్నాను.

అతడు గ్లాసు కింద పెట్టాడు. నా నిబంధనల పుస్తకం తీసి ఆ పుట చూపించాను. రెండుసార్లు చదివించుకుని విన్నాడు. తరువాత గుమాస్తావైపు తిరిగి, "ఈయన దళం మనిషి కాడు. దళం వాళ్లు ఇంత తిన్నని వరుసలో ఏదీ పాతరు," అన్నాడు. నా ఉద్యోగ జీవితంలో నాకు లభించిన ప్రశంసలన్నిటిలో దానినే నేను ఉన్నతమైనదిగా భావిస్తాను.

కాని వెంటనే నావైపు తిరిగాడు. "అయినా జెండాలు ఉండకూడదు. రేపు పై అధికారి ఈ దారిన పోతూ చూస్తే గడ్డి అని నేను చెప్పలేను. సాయంత్రంలోగా తీసేయండి."

"తీస్తే మందలు పడతాయి. తనిఖీకి ఎన్ను మిగలదు."

"గడ్డి కోసం నేను నౌకరీ పోగొట్టుకోలేను సాబ్."

లిఖితపూర్వకంగా ఇమ్మన్నాను. ఇచ్చాడు. లిఖితపూర్వకమైన ఆదేశాన్ని పాటించడం తప్ప నాకు మరొక మార్గం తెలియదు. గుమాస్తా గొడుగు తెరుచుకుని, నాకన్న ముందు బయటికి నడిచాడు.

ఆ సాయంత్రం ఒక్కొక్క జెండా పెరుకుతుంటే కాపరులు మందలతో చుట్టూ మూగారు. పొదల పైకి తల ఎత్తుకుని గడ్డి ఊగుతోంది. ఎన్ను పొట్టలో ఉంది, ఇంకా బయటపడలేదు. ఇంకొక్క పక్షం ఆగితే చాలు. మా గొలుసు మనిషి కర్రలు మోపుగా కట్టి నా చెవి దగ్గరికి వచ్చి, "సారూ, గోడకు అంటిచ్చుడు గాదు, నోటితోని చెప్పుండ్రి," అన్నాడు.

నేను జనం ముందు మాట్లాడే అలవాటు ఉన్నవాడిని కాదు. అయినా మాట్లాడాను. ఈ జెండాలు సంఘానివి కావని చెప్పాను. గడ్డి ఎన్ను వేస్తే కంచె మేతకే మిగులుతుందని, వేయకముందే మేస్తే బంజరని రాస్తారని, దొర దున్నుకుంటాడని చెప్పాను. రేపటినుంచి ఆపడానికి నా దగ్గర జెండా లేదు, కంప లేదు, కాగితం లేదు అన్నాను.

తండా అవ్వ తన ఆవును పక్కకు నెట్టి ముందుకు వచ్చింది.

"గీ మాట ఇన్నొద్దులు చెప్పకపోతివి?" అన్నది అవ్వ.

"ప్రకటన అంటించాను."

"మేకకు చెప్పినవ్, మాకు చెప్పలే."

అందరూ నవ్వారు. గొర్రెల కాపరి ఒకడు మాత్రం నవ్వలేదు. "సారు పని సారుకున్నది. నడుమెత్తు గడ్డి కండ్లముంగట పెట్టుకోని వాగు అవుతలికి ఎవడు తోలుతడు? నా గొర్లు నడిచి నడిచి సగమైనయి," అన్నాడు.

"దొర దున్నినంక నీ గొర్లు పల్లికాయ తింటయా?" అన్నది అవ్వ. "దున్నినోడు తిననిస్తడా? ఎటు తోలినా నడుసుడే గద."

వాదన పెరిగింది. తండావారు తమ భాషలో, ఊరివారు తెలుగులో. తేలకుండానే పొద్దుగూకింది. ఎవరి మందతో వారు వెళ్లిపోయారు. జెండాల మోపు మోసుకుని మేమూ వచ్చేశాం.

తెల్లవారి నేను త్వరగా వెళ్లాను. గడ్డి మిగిలి ఉంటుందన్న ఆశ లేదు; ఎంత పోయిందో కొలవడం నా బాధ్యత గనుక వెళ్లాను. మందలు అప్పుడే వస్తున్నాయి. ముందు అవ్వ, ఆమె తెల్లావు. జెండా పెరికిన గుంత దగ్గరికి వచ్చి ఆవు మెడ చాచింది. అవ్వ తాడు గుంజింది. ఆవు కదల్లేదు. అవ్వ దాని మూతికి చెయ్యి అడ్డం పెట్టి, తన భాషలో ఏదో మెల్లగా చెప్పి, పక్కకు తిప్పింది. వెనుక వచ్చిన ఆవులన్నీ ఆ ఆవు వెంట తిరిగాయి. గొర్రెల మంద కూడా వచ్చింది. నిన్న నవ్వని కాపరి నావైపు చూడకుండా, నోట్లోనే ఏదో గొణుక్కుంటూ, వాగు దారి పట్టించాడు.

నేను అవ్వ దగ్గరికి పోయి కృతజ్ఞత చెప్పబోయాను. చెప్పనివ్వలేదు.

"జెండ ఉన్నన్నొద్దులు సంగపోల్లదనుకున్నం. తీసినవ్. ఇగ మాదనుకోకుంటె ఎట్ల?"

ఆ మిగిలిన రోజులు ఆ గుంతలే జెండాలయ్యాయి. వాన నీరు నిండి, తూనీగలు వాలి, చుట్టూ మందల కాలిబాట పడింది. లోపల ఎన్ను బయటపడింది. మొదట చెంగలి ఎర్రబారింది, తరువాత నెంద్రగడ్డి వెండిలా తెల్లబడింది. గుమాస్తా క్యాంపుకు మళ్లీ పోయాడని విన్నాను. జెండా లేని నేలమీద ఫిర్యాదు తాను తీసుకోనని సుబేదారు అన్నాడట. కంచరగాడిదలను కూడా ఆయన అటు తోలనివ్వలేదు. ఎందుకో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

తనిఖీకి మా పెద్ద అధికారి జీపులో వచ్చాడు. నియమపాలనలో నేను ఆయన ముందు విద్యార్థిని. ఎండలో టోపీ తీయకుండా, ఎవరి నమస్కారానికీ నవ్వకుండా, నేరుగా కంచెలోకి నడిచాడు. గుమాస్తా ఆయన పక్కన పరుగెత్తుతూ, "హుజూర్, ఇది బంజరు. ఒక్క పోచ మొలవదు. ఈ సారు పిల్లగాడు, తెల్వక రాసిండు," అంటున్నాడు. కాపరులందరూ దూరంగా మందలను ఆపి నిలబడ్డారు. అవ్వ తన ఆవు మెడమీద చెయ్యి వేసి ఉంది.

గడ్డి నడుముదాకా వచ్చేసరికి అధికారి ఆగాడు. గుమాస్తా పరుగు ఆపుకోలేక లోపలికి పోయాడు, అతని తెల్లని ధోవతి నిండా ముల్లుగడ్డి గింజలు గుచ్చుకుని, తేనెరంగు చారలు పడ్డాయి. వంగి ఒకటి తీస్తే రెండు గుచ్చుకుంటున్నాయి. అయినా నోరు ఆగలేదు. "పోచ మొలవదు హుజూర్."

అధికారి ధోవతివైపు చూశాడు. "ఇవి ఎక్కడివి?" అన్నాడు.

గుమాస్తా వంగి ఇంకొక గింజను గుంజబోయాడు. మా గొలుసు మనిషి మర్యాదగా ముందుకు వచ్చి, "గుమాస్త సాబూ, గట్ల గుంజితె రావు. కూసోని తీసుకోవాలె. దొరింటికి పోయేసరికి పొద్దుగూకుతది," అన్నాడు. కాపరుల వైపునుంచి నవ్వు ఒక అలలాగా వచ్చింది.

అధికారి నవ్వలేదు. చట్రం అడిగి తీసుకుని, టోపీ నేలమీద పెట్టి, మోకాళ్లమీద కూర్చున్నాడు. ముల్లుగడ్డి ఉన్నంత మాత్రాన మొదటి తరగతి కాదు. ఆయనకు అది తెలుసు, నాకూ తెలుసు. ఒక్కొక్క ఎన్నూ వేళ్లమధ్య తిప్పి చూస్తూ పేర్లు పైకి చెప్పడం మొదలుపెట్టాడు. నెంద్ర. చెంగలి. గరిక. పిల్లిపెసర కాయను చిట్లించి గింజలు చూశాడు. చట్రాన్ని మరొకచోట పెట్టమన్నాడు, ఇంకొకచోట పెట్టమన్నాడు. చివరికి లేచి మోకాళ్లు దులుపుకున్నాడు.

"తరగతి?" అని నన్ను అడిగాడు.

"మొదటిది."

"అవును," అన్నాడు. నక్షామీద ఎర్రసిరాతో గీసి సంతకం చేశాడు. కంచె మేతకే ఉండాలని, భాగాలు చేసి ప్రతి వానకారులో ఒక భాగాన్ని గింజ రాలేదాకా ఆపాలని ఆదేశం రాశాడు. అక్కడే నిలబడి ఆ ఆదేశాన్ని నాచేత తెలుగులో, గట్టిగా, కాపరులకు వినిపించాడు. నేను ముగించగానే ఆయన టోపీ పెట్టుకుని, "గింజ రాలుతోంది. ఈ సంవత్సరానికి వదలండి," అన్నాడు.

అవ్వ చెయ్యి తీసింది. తెల్లావు గుంతమీదినుంచి ఒక్క అంగలో దాటి గడ్డిలో మునిగింది. కొమ్ములు మాత్రమే కనిపించాయి. దాని వెనుక మందలన్నీ. ఆ నమిలే చప్పుడు కంచె అంతటా వ్యాపించింది. అంత గొప్ప సంగీతాన్ని నేను ఏ సభలోనూ వినలేదు. ఇది అతిశయోక్తి కాదు.

ఇక రంగు సంగతి. ఆ నక్షా నగరం చేరింది. జనగామనుంచి వచ్చిన కాగితం మీద నడుమంతా ఎరుపు చూసి అక్కడివారు కలవరపడ్డారు. అందులో ఏ అర్థమూ లేదని నేను వివరణ రాశాను. వివరణ అందిందని జవాబు వచ్చింది. మరుసటి సంవత్సరం నిబంధనల పుస్తకంలో మొదటి తరగతి రంగు ఆకుపచ్చ అయింది. కారణం రాయలేదు. మీరు నేర్చుకున్నది ఆ పుస్తకమే.

తరువాత మానుకోటలో పనిచేశాను, కాటారం అడవుల్లో పనిచేశాను, పై పదవులకు ఎదిగి విరమించాను. విరమణ అయిన చాలా ఏళ్లకు ఒకసారి రఘునాథపల్లిలో రైలు దిగి ఆ కంచెకు నడిచాను. వానకారు. నేను గడ్డిలోకి అడుగుపెట్టబోతుంటే ఒక కాపరి కేకవేసి ఆపాడు. ఆనాటికి పుట్టి కూడా ఉండని వయసు.

"అండ్లకు పోవద్దు పెద్దమనిషీ. అది ఎర్రజెండ. గింజ రాలేదాక ఎవలం తోలం."

"జెండా ఎక్కడా కనిపించడం లేదే," అన్నాను.

అతడు నన్ను ఎగాదిగా చూశాడు.

"జెండ ఎందుకు? గడ్డి కనవడ్తలేదా?"

నేను అడుగు వెనక్కు తీసుకుని, గట్టు మీదినుంచే చూసి వచ్చాను.